మిషిని మీద ఏడుపు

గురువారం తెల్లవారిందంటే ఆ ఇంట్లో బకెట్ల చప్పుడుకే అందరికీ మెలకువ వచ్చేది. వరంగల్ బట్టల బజారు వెనక సందులో ఉన్న ఆ పాత ఇంట్లో ముందు గది నుంచి వంటింటి దాకా అన్నీ షాబాదు బండలే. శకుంతల చీర కుచ్చిళ్ళు ఎగదోపి, సబ్బునీళ్ళు చల్లి, కొబ్బరి పీచుతో రుద్ది, మూలమూలా వేలు పెట్టి మట్టి తీసి, నీళ్ళన్నీ జాలారి తూములోకి తోసేసరికి పొద్దు బారెడెక్కేది. అప్పటిదాకా మగవాళ్ళూ పిల్లలూ మంచం దిగడానికి లేదు. ఆమె భర్త సారంగపాణి బట్టల దుకాణంలో ఎంతమంది మీద కేకలేసినా, గురువారం పూట మాత్రం కాళ్ళు మంచం మీదికి లాక్కుని బుద్ధిగా పేపరు చదువుకునేవాడు.

అత్త మొగిలమ్మ అరుగు మీద కూర్చుని దారినపోయేవాళ్ళను పిలిచి మరీ చెప్పేది.

"మా పెద్దకోడలు కడిగితె బండల మీద బువ్వ వెట్టుకొని తినచ్చు. జర లోపటికి తొంగి చూడుండ్రి, మొఖం కనవడ్తాంది."

ఆ మాట చెవిన పడినప్పుడల్లా శకుంతల విననట్టే తల దించుకుని ఇంకాస్త గట్టిగా రుద్దేది. లోపల మాత్రం పాయసం తాగినట్టుండేది. నిజం చెప్పొద్దూ, ఆ ఇంట్లో ఆమెకున్న గొప్ప అదొక్కటే. తోటికోడలు భారతి ఇంటరు చదివింది, పాటలు పాడుతుంది, అవసరమైతే దుకాణంలో కూర్చుని చీరల బేరం కూడా చేస్తుంది. ఆమె మొగుడు వెంకట్రాజానికి పెళ్ళాం మాట వేదం. శకుంతలకు చదువూ లేదు, పాటా రాదు. బండలు కడగడం వచ్చు. ఆ విద్యలో ఆమెను మించినవాళ్ళు ఆ సందులోనే లేరు.

ఆ గురువారం కూడా భారతి చాయ గ్లాసు పట్టుకుని వంటింటి దగ్గర నిలబడి చూస్తోంది.

"అక్కా, నేనొక చెయ్యి వెయ్యాల్నా?"

"వద్దు బిడ్డా," అని అరుగు మీద నుంచే అంది అత్త. "పోయినసారి నువ్వు కడిగితె చారలు చారలు వడ్డయి. పెద్దదాన్నే చెయ్యనియ్యి."

భారతి గ్లాసు పట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది. శకుంతల పెదవుల మీదికొచ్చిన నవ్వును కొంగుతో తుడుచుకుంది. పాపం, ఆ నవ్వు సంక్రాంతి దాటి నెల కూడా నిలవలేదు.

వెంకట్రాజం పెళ్ళాన్ని తీసుకుని హైదరాబాదు నుమాయిష్‌కు వెళ్ళాడు. తిరిగి వచ్చేటప్పుడు రిక్షాలో వాళ్ళకు కాళ్ళు పెట్టుకునే చోటు కూడా లేకుండా ఓ పెద్ద అట్టపెట్టె. అందరూ టీవీ అనుకున్నారు. విప్పితే కింద గుండ్రటి బ్రష్షు, దాని మీద నీళ్ళ డబ్బా, పొడుగాటి పిడి, బారెడు నల్లటి వైరు.

"ఇది బండలు కడిగే మిషిని," అన్నాడు వెంకట్రాజం, తానే తయారుచేసినంత గర్వంగా. "డబ్బాల సబ్బునీళ్ళు పోసి కరెంటు వెడితె బ్రష్షు గిర్రున తిరుగుతది. అమ్మేటాయన ఇంకో ముచ్చట గూడ చెప్పిండు. జపానుల మనిషి ముట్టకున్నా దానంతట అదే ఇల్లంత తిరిగి కడిగే మిషిన్లు తయారు చేస్తాండ్రట!"

"మనిషి ముట్టకుంటనా?" మొగిలమ్మ ముక్కు మీద వేలేసుకుంది. "దయ్యం వట్టినట్టా?"

అందరూ నవ్వారు. శకుంతల నవ్వలేదు. ఇంట్లోకి సవతి దిగినట్టు ఆ మిషినినే చూస్తూ నిలబడింది.

ఆ వారం ఆమె బకెట్టు పట్టుకునేలోపే భారతి మిషిని బయటికి తీసింది. సందులో ఆడవాళ్ళంతా దర్వాజ దగ్గర పోగయ్యారు. గుర్రుమంటూ బ్రష్షు తిరుగుతుంటే, నురగ బండల మీద పరుచుకుంటుంటే, ఒక్కొక్కరూ "అబ్బో!" అని బుగ్గలు నొక్కుకున్నారు. భారతి కొంగు బొడ్లో దోపి, పట్టుచీర కట్టుకున్న పెళ్ళికూతురంత వయ్యారంగా దాన్ని అటూ ఇటూ తిప్పింది.

"ఇగ నీకు పని తప్పింది శకుంతలా!" అంది ఎదురింటి సావిత్రి. "కాలు మీద కాలేసుకొని కూసో!"

ఆమె మంచి మనసుతోనే అంది. కానీ పని తప్పడం ఎవరికి కావాలి? శకుంతల మిషిని వెనకాలే వెళ్ళి, గది మూల వేలు పెట్టి గీకి, నల్లటి వేలును అందరికీ చూపించింది.

"మరి మూలల సంగతేంది భారతీ? నీ మిషిని గుండ్రంగ తిరుగుతది. మూల గుండ్రంగ ఉండదు గద!"

"మూలలు ఎవలు చూస్తరక్కా?"

"లక్ష్మి చూస్తది."

"ఊకోండ్రే," అంది మొగిలమ్మ బండల వంక చూస్తూ. "ఏమన్నగాని, చిన్నదాని బండలు గూడ మెరుస్తానయ్."

ఆ 'గూడ' ఉంది చూశారూ, అది శకుంతల గుండెలో ముల్లులా దిగింది. ఇన్నేళ్ళూ మోకాళ్ళు అరిగేలా సంపాదించుకున్న మాటలో తోటికోడలు ఒక్క పూటలో వాటా కొట్టేసింది. ఆ రాత్రి మొగుడి దగ్గర గొణిగితే సారంగపాణి పడీపడీ నవ్వాడు.

"నీకెందుకే మిషిని? నువ్వే పెద్ద మిషినివి!"

ఆ పెద్దమనిషికి వారం దాకా కూరలో ఉప్పు సరిగ్గా పడలేదు.

తర్వాత నుంచి శకుంతలకు అదే ధ్యాస. భారతి పని కాగానే మిషినిని తుడిచి, పాత దుప్పటి కప్పి, తన అర్రలో పెట్టి తాళం వేసేది. అడిగితే దుమ్ము పడుతుందనేది. ఒకసారి శకుంతల ఊరికే పిడి మీద చెయ్యి వేయబోతే భారతి అడ్డం వచ్చేసింది.

"వద్దక్కా! కొత్త చెయ్యి వడితె అటుఇటు గుంజుతది."

"ఈ ఇంటి బండలకు నాది కొత్త చెయ్యానే?"

"గట్ల కాదక్కా..." అంటూనే భారతి దుప్పటి కప్పేసింది.

శకుంతలకు కళ్ళలో నిప్పులు పోసుకున్నట్టయింది. బల్బు మిణుకుమిణుకుమంటే చాలు, ఈసారైనా ఆ మిషిని కాలిపోతుందేమోనని ఆశగా చూసేది. దేవుడికి దణ్ణం పెట్టుకుంటూ కూడా అదే కోరేది. పూజగది బండ మాత్రం మిషినికి ఇవ్వకుండా చేత్తోనే కడుక్కునేది. మిషిని మీద అంత ద్వేషం ఉన్నదానికి, దాన్ని ఒక్కసారి తిప్పి చూడాలని చేతులు ఎందుకు పీకేవో మరి, అది ఆమెకే తెలియాలి.

ఇంతలో భారతికి కడుపునొప్పి మొదలైంది. అజీర్తి అనుకుని వాముతో సరిపెట్టుకున్నారు. ఒకరోజు మిషిని పట్టుకునే కుప్పకూలింది. హనుమకొండ దవాఖానలో చూపిస్తే కడుపులో గడ్డ ఉందని, వెంటనే ఆపరేషన్ చేయాలని డాక్టరు చెప్పాడు. శకుంతలకు నిజంగానే జాలేసింది. రాత్రంతా పక్కన కూర్చుని కడుపు మీద వేడినీళ్ళ సంచి పెట్టింది. తెల్లారి జడ అల్లి, పూలు పెట్టి, బట్టలు సర్దింది.

ఆటో వచ్చింది. అన్నదమ్ములిద్దరూ సామాను ఎక్కించారు. గడప దాటబోతూ భారతి వెనక్కి తిరిగి తాళంచెవి శకుంతల చేతిలో పెట్టింది.

"నా అర్ర తాళం నీ దగ్గరుండనియ్యక్కా. పిల్లలు బళ్లెకెళ్ళి వచ్చినంక జర చూడు."

"పిల్లల ఫికర్ నీకెందుకే? నువ్వు మంచిగయ్యి రా."

"ఊఁ." భారతి ఓ అడుగు వేసి మళ్ళీ ఆగింది. "మిషినిని మాత్రం ముట్టకక్కా. గుంజుతది."

అంతే. రాత్రి నుంచి కరిగి ఉన్న మనసు ఆ ఒక్క మాటకు గడ్డకట్టింది. చావు బతుకుల మీదికి వచ్చినా దీనికి మిషినే కావాల్సి వచ్చిందా అనుకుంది శకుంతల. ఆటో సందు మలుపు తిరిగింది. మొగిలమ్మ కొబ్బరికాయ పట్టుకుని సందు చివర పోచమ్మ గుడికి నడిచింది. పిల్లలు బడికి వెళ్ళిపోయారు. ఇంట్లో శకుంతల, ఆమె చేతిలో తాళంచెవి మిగిలారు.

ఆ రోజు గురువారం.

ఆమె ఎక్కువసేపు ఆలోచించలేదు. తాళం తీసింది, దుప్పటి లాగింది, డబ్బా నిండా సబ్బునీళ్ళు పోసింది, స్విచ్చి వేసింది. మిషిని గుర్రుమని ఒక్కసారిగా ఎడమకు దూకి ఇత్తడి బిందెను గుద్దింది. కుడికి లాగితే కుర్చీ మీదికి ఎక్కబోయింది. శకుంతల పళ్ళు బిగించి రెండు చేతులా పిడి ఒడిసిపట్టింది. కాసేపటికి దాని పొగరు అణిగింది. ముందు గది సగానికి వచ్చేసరికి ఆమె ముఖం వెలిగిపోతోంది. నురగ, ఆ వెనకే నిగనిగలాడే బండ! ఎవరూ చూడ్డం లేదని తెలిసి, "ఎవలదే కొత్త చెయ్యి? ఆఁ? ఎవలది?" అని మిషిని మీదికి వంగి మరీ అడిగింది.

ఆ మురిపెంలో పిడి కాస్త వదులైంది. దయ్యం పట్టినట్టు మిషిని దానంతట అదే దర్వాజ వైపు పరుగుతీసి గడపకు గుద్దుకుంది. గడప మీది పసుపూ కుంకుమా బ్రష్షు కింద చెదిరిపోయి, ఎర్రటి నీళ్ళు మెట్ల మీదుగా సందులోకి పారాయి. శకుంతల పరుగెత్తి వైరు ఊడబీకింది.

ఎదురుగా మొగిలమ్మ. చేతిలో కొబ్బరిచిప్ప. పాదాల దగ్గర ఆ నీళ్ళు.

"శకుంతలా! ఏం చేసినవే?"

"ఊరికెనే అత్తమ్మా... ఒక్కపారి చూద్దామని..."

"మనిషి గడప దాటి ఇంక హనుమకొండ చేరనే లేదు. అప్పుడే ఇల్లు కడిగినవా? గడప గూడ కడిగినవా?"

శకుంతల చేతిలోంచి వైరు జారిపోయింది. ఇల్లు వదిలి ఊరికి బయల్దేరిన మనిషి క్షేమంగా చేరేదాకా ఇల్లు ఊడ్వరు, కడగరు. మనిషి వెళ్ళీవెళ్ళకముందే ఇల్లు కడిగేది ఒక్కనాడే, ఇంట్లోంచి శవం లేచిననాడు. ఈ పద్ధతి భారతికి నేర్పింది ఎవరో కాదు, శకుంతలే. భారతి కొత్తకోడలుగా ఉన్నప్పుడు, తాను పాలకుర్తి వెళ్ళడానికి మెట్లు దిగుతుంటే ఆ పిల్ల వెనకాలే చీపురు పట్టుకుంది. "నన్ను కాటికి పంపుతాన్నవా?" అని తానే సందంతా వినబడేట్టు తిట్టింది. అలాంటిది ఈరోజు తనకే గుర్తు రాలేదు.

"ఆపరేషనుకు పోయిన పిల్ల," అంది మొగిలమ్మ. "దాని మీద నీకు గంత ఏడుపున్నదా?"

"లేదత్తమ్మా! పోచమ్మ తోడు, మిషిని మీదనే... దాని మీద కాదత్తమ్మా!"

మొగిలమ్మ ముఖం తిప్పుకుంది. శకుంతల గభాలున సందులోకి పరుగెత్తింది. మోరీ కాలవ పక్కన ఎత్తిపోసిన మట్టిని కొంగులోకి తోడుకుని తెచ్చింది. నిగనిగలాడుతున్న బండల మీద గుమ్మరించి, చేతులతో పరిచి, కాళ్ళతో తొక్కింది. మళ్ళీ వెళ్ళింది, మళ్ళీ తెచ్చింది. బండల మీద చిన్న మరక పడితే అన్నం సహించని మనిషి, ఏడుస్తూ ఇల్లంతా మట్టి పూసింది.

"కడగలేదు! చూడుండ్రి అత్తమ్మా, నేను కడగనే లేదు. ఇల్లు ఎట్లుండెనో గట్లనే ఉన్నది. జర చూడుండ్రి!"

మొగిలమ్మ చూడలేక చెంగు నోట్లో కుక్కుకుంది. లోపలికి వెళ్ళి పసుపు గిన్నె తెచ్చి, తానే వంగి గడపకు రాసింది. ఆ సంగతి ఆ ఇద్దరూ ఇంకెవరికీ చెప్పుకోలేదు.

ఆపరేషన్ అయితే అయింది కానీ జ్వరం పట్టుకుంది. కుట్లు చీము పట్టాయని, మందులు మార్చారని, భారతి కళ్ళు తెరవడం లేదని రోజుకో కబురు. మొగిలమ్మ వచ్చే జాతరకు మేడారం వెళ్ళి కోడలి ఎత్తు బెల్లం సమ్మక్కకు ఇస్తానని మొక్కుకుంది. శకుంతల ఏమీ మొక్కుకోలేదు. మొక్కడానికి ఆమెకు మొహం చెల్లలేదు. రెండు పూటలా జావ కాచి క్యారియర్ కట్టి పంపేది. మరిది పిల్లలకు తినిపించి పక్కలో పడుకోబెట్టుకునేది. దవాఖానకు రమ్మంటే మాత్రం వంట పని ఉందనేది.

ఇల్లు మాత్రం కడగలేదు. గురువారాలు వచ్చి పోయాయి. బకెట్టు బోర్లించే ఉంది. చీపురు కూడా ముట్టనివ్వలేదు. నడిస్తే కాళ్ళ కింద మట్టి కరకరలాడుతుంటే సారంగపాణి విసుక్కున్నాడు, సావిత్రి దర్వాజ దగ్గర నిలబడి దీర్ఘం తీసింది.

"ఇదేందమ్మా, మిషిని ఖరాబైందా, చేతులు ఖరాబైనయా?"

నోరున్న శకుంతల తల దించుకుని క్యారియర్ కట్టుకుంది.

చివరికి జ్వరం దిగింది. ఓ మధ్యాహ్నం ఆటో వచ్చి ఆగింది. వెంకట్రాజం పట్టుకోగా భారతి మెల్లగా మెట్లెక్కింది. మనిషి సగమైంది. మొగిలమ్మ దిష్టి తీసింది. గడప దాటి లోపల అడుగుపెట్టిన భారతి, కిందికి చూసి కొయ్యబారిపోయింది. మట్టి, దుమ్ము, ఎండిన అడుగులు.

"ఏందిది?" అంది. స్తంభం చాటున నిలబడ్డ శకుంతల కనబడింది. అంతే, దవాఖానలో దాచుకున్నదంతా ఒక్కసారిగా బయటపడింది. "నేను సచ్చిన్నా బతికిన్నా అని ఒక్కపారన్న వచ్చి చూడలె. దర్వాజ దిక్కు చూసి చూసి నా కండ్లు కాయలు కాసినయ్. ఇంటికొస్తె గిదా? మిషినిని ముట్టద్దన్ననని పంతం వట్టి ఇల్లంత పాడువెట్టుకుంటవా? గంత ఏడుపా అక్కా నా మీద?"

"భారతీ, నీకు తెల్వదు, ఊకో," అని మొగిలమ్మ అందుకోబోయింది.

"మీరు ఊకోండ్రి అత్తమ్మా." శకుంతల ముందుకు వచ్చింది. "ఏడుపే. నీ మిషిని వచ్చిన సంది ఏడుపే. నువ్వు ఆటో ఎక్కంగనే తాళం తీసిన. ఇల్లు కడిగిన. గడప గూడ కడిగిన."

భారతి ముఖం పాలిపోయింది. చెయ్యి తెలియకుండానే కడుపు మీదికి పోయింది. ఆమెకూ ఆ పద్ధతి తెలుసు.

"తెల్సి చెయ్యలె. నా కండ్లకు మిషిని ఒక్కటే కనవడ్డది, నువ్వు పోయింది యాదికే రాలె. యాదికొచ్చినంక మన్ను తెచ్చి ఇల్లంత పోసిన. నువ్వు వచ్చి తొక్కేదాక ఒక్క నీళ్ళ సుక్క పడనియ్యలె. దవాఖానకు ఏ మొఖం వెట్టుకొని రాను? నీ మంచం కాడ కూసుంటె నా ఏడుపు నిన్నే తాకుతదేమోనని భయం. కొడితె కొట్టు."

భారతి నెమ్మదిగా ఆ మట్టిలోనే కూలబడింది. కుట్లు లాగి మూలిగితే శకుంతల పరుగున వచ్చి పట్టుకుంది.

"నేనెందుకు కొన్ననో తెల్సా అక్కా ఆ మిషిని?" అంది భారతి ఆమె భుజం వదలకుండా. "ఈ ఇంటికొచ్చిన సంది ఒక్కటే మాట. పెద్దకోడలు కడిగినట్టు ఎవలు కడుగుతరు, పెద్దకోడలు కడిగినట్టు ఎవలు కడుగుతరు. తలుపేసుకొని నా అర్రల నీ లెక్కనే ఎన్నిమాట్ల రుద్దిన్నో. చారలే. నా చేతులతోటి కానిది మిషినితోటన్న అయితదేమోనని కొనిపిచ్చుకున్న. గది గూడ నీ చేతుల వడితె..." ఆమె తన అర్ర వైపు చూసింది. "మిషినితోటి గూడ నువ్వే మంచిగ కడుగుతవని భయమైందక్కా. అందుకే తాళమేసిన. నాదీ ఏడుపే."

శకుంతల నోరు తెరుచుకుని చూసింది. తనకా? తన చేతులకా? ఇంటరు చదివిన పిల్ల ఏడ్చింది తన బండల మీదనా? నవ్వూ ఏడుపూ కలిసి తన్నుకొచ్చాయి. మొగిలమ్మ కళ్ళు తుడుచుకుంటూ, "తప్పంత నా నోటిదే. ఒకదాన్ని మెచ్చి ఇంకోదాన్ని ఏడిపిచ్చిన," అనుకుంటూ అరుగు మీదికి వెళ్ళిపోయింది. వెంకట్రాజానికి ఏం చేయాలో తోచక, "దుకాణానికి పోయొస్త," అని చెప్పులేసుకుని జారుకున్నాడు.

"మిషిని తేపో అక్కా," అంది భారతి ముక్కు చీదుకుని. "నేను గీడనే కూసుండి చెప్త. పిడి కిందికి వంచితె ఎడమకు పోతది, పైకి లేపితె కుడికి పోతది. గంతే దాని మర్మం."

"అయితె మూలలు నీకు నేను నేర్పుత. మంచిగైనంక. పీచు ఎట్ల పట్టాల్నో తెల్వకనే నీకు చారలు వడ్తానయ్."

శకుంతల మిషినిని తెచ్చి డబ్బాలో నీళ్ళు పోసింది. ఇన్నాళ్ళ మట్టి, ఇవాళ తీరుతుంది. స్విచ్చి మీద చెయ్యి పెట్టి, ఠక్కున వెనక్కి తీసుకుంది.

"ఏమైందక్కా?"

"మరిది ఇప్పుడే గడప దాటిండు. దుకాణం చేరనియ్యి."

"దుకాణం గా సందు చివరనే గదక్కా!"

"అయితేంది? చేరనియ్యి."

ఆమె మిషినిని గోడకు ఆనించి, వచ్చి ఆ మట్టిలోనే తోటికోడలి పక్కన కూర్చుంది. భారతి తల ఆమె ఒళ్ళోకి వాలింది. వెంకట్రాజం దుకాణం చేరడానికి పట్టే సమయం ఎప్పుడో దాటిపోయింది. అయినా ఇద్దరిలో ఎవరూ లేవలేదు.